ప్రభుత్వాన్ని కడిగేసిన పుస్తకం చదవాలా, వద్దా? సెప్టెంబర్ 11 మీద నాలుగు పుస్తకాల పోలిక

మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలో రూము తీసుకుని గ్రూప్‌-1కి చదువుతున్నాడు. పోయిన నెల ఒక ఆదివారం వాళ్ళ నాన్నతో కలిసి విజయవాడలో మా ఇంటికి భోజనానికి వచ్చాడు. పప్పులో నెయ్యి వేసుకుంటూ అడిగాడు:

"మావయ్యా, 2001లో అమెరికా మీద జరిగిన సెప్టెంబర్ 11 దాడి గురించి వైట్‌హౌస్ అధికారిగా చేసిన రిచర్డ్ క్లార్క్ రాసిన పుస్తకం చదవొచ్చంటావా? కోచింగ్‌లో ఒక సార్ తప్పకుండా చదవమన్నారు. ఇంకో సార్ అది కక్షతో రాసింది, టైమ్ వేస్ట్ అన్నారు."

నేను నోరు తెరిచేలోపే మా బావగారు అందుకున్నారు. ఆయన పెద్దకొడుకు న్యూజెర్సీలో ఉంటాడు. అందుకని అమెరికా సంగతులన్నీ పక్క వీధి సంగతుల్లా మాట్లాడతారు. "ముప్పై ఏళ్ళు సర్కారు జీతం తిని, దిగిపోగానే ఆ సర్కారునే తిట్టాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడి పుస్తకం మనకెందుకు బావా?"

"వాసాలు లెక్కపెట్టినవాడికేగా బావగారూ, ఏ వాసానికి చెద పట్టిందో తెలిసేది" అన్నాను. నవ్వారు గానీ ఒప్పుకోలేదు. మజ్జిగన్నం దాకా వాదన నడిచింది, తేలలేదు. ఇలాంటి పుస్తకం చేతిలో పట్టుకుని కొనాలా వద్దా అని నిలబడిపోయేవాళ్ళు మా ఇంట్లోనే కాదు, జనవరిలో విజయవాడ బుక్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే ప్రతి స్టాల్ దగ్గరా కనిపిస్తారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా గురించి ఒక్క ముక్క. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్ళు బ్రాంచీల తనిఖీలోనే గడిచాయి. ఆ అలవాటు పుస్తకాలు చదవడంలోకీ వచ్చేసింది. వోచర్ లేని ఖర్చు కనిపిస్తే పెన్ను ఆగిపోతుంది.

ముందు చూడాల్సినవి

వివాదం ఉందా లేదా అన్నది అసలు కొలతే కాదు. ప్రభుత్వం తప్పు చేసిందని రాసిన ఏ పుస్తకానికైనా వివాదం ఉంటుంది. తప్పు చేసినవాళ్ళు చప్పట్లు కొట్టరు కదా. నేను చూసేవి వేరు.

మొదటిది, రాసినవాడు ఎక్కడ నిలబడి చూశాడు? గదిలో ఉన్నాడా, గది బయట ఉండి లోపలివాళ్ళని అడిగాడా, లేక ఎక్కడో కూర్చుని ఊహించాడా? గదిలో ఉన్నవాడికి ఎక్కువ తెలుస్తుంది, కానీ తన తప్పు తనకి చిన్నగా కనిపిస్తుంది.

రెండోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: అతను చెప్పింది సరిచూసుకునే దారి ఉందా? పుస్తకం చివర నోట్సులో ఫలానా మాట ఫలానా కాగితంలో ఉంది, ఫలానా తేదీన ఫలానావాళ్ళు చెప్పారు అని ఉంటే అవి వోచర్లు. అవి లేకపోతే మిగిలేది రచయిత మీద నమ్మకమే.

దీని మీద నాకు దెబ్బ తగిలిన అనుభవం ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక ఫుట్‌పాత్ మీద నూట యాభై రూపాయలకి, ఈ నాలుగు పుస్తకాల్లో ఒకటైన 'ది లూమింగ్ టవర్' దొరికింది. అట్ట తళతళలాడుతోంది, బేరం కూడా ఆడలేదు. ఇంటికొచ్చి తెరిస్తే జిగురు వాసన గుప్పుమంది. అక్షరాలు జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు పలచగా, ఒక ఫారం మొత్తం తలకిందులుగా కుట్టి ఉంది. అవన్నీ ఓర్చుకున్నాను. చివరికొచ్చేసరికి కథ అయిపోయింది, పుస్తకమూ అయిపోయింది. నోట్సూ లేవు, ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళ జాబితా లేదు. కాగితం ఖర్చు తగ్గించుకోవడానికి దొంగ ప్రింటు వేసినవాడు వాటిని ఎగరగొట్టేశాడు. ఎవరూ చదవరనే ధీమా! పుస్తకంలో సగం విలువ ఆ పేజీల్లోనే ఉంటుంది. ఈ రకం పుస్తకం కొనేటప్పుడు ముందు పేజీ కాదు, వెనక పేజీలు తిప్పి చూడండి.

మూడోది, పుస్తకం వచ్చాక ఏం బయటపడింది? 2001 నాటి విషయం మీద 2004లో రాసినదాన్ని ఇవాళ చదవడంలో ఒక సుఖం ఉంది. మధ్యలో బయటికొచ్చిన కాగితాలు రచయితని సమర్థించాయో, కాదన్నాయో మనం చూడొచ్చు.

ఇక మన టైమూ, ఇంగ్లీషూ. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఆరొందల పేజీల పుస్తకం కొని డెబ్బైయ్యో పేజీ దగ్గర బస్ టికెట్ పెట్టి వదిలేసినవాళ్ళం అందరం.

క్లార్క్: 'ఎగైనెస్ట్ ఆల్ ఎనిమీస్', 2004

వాదనంతా దీని మీదే కాబట్టి దీని దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

రిచర్డ్ క్లార్క్ రీగన్ కాలం నుంచి చిన్న బుష్ కాలం దాకా అమెరికా ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగాలు చేశాడు. 2001 సెప్టెంబర్ 11న వైట్‌హౌస్‌లో ఉగ్రవాద నిరోధక వ్యవహారాలు చూసే అధికారి ఆయనే. 2003లో ఉద్యోగం వదిలాడు. 2004 మార్చిలో పుస్తకం వచ్చింది. అది అధ్యక్ష ఎన్నికల ఏడాది. పుస్తకం వచ్చిన వారంలోనే, ఆ దాడి మీద వేసిన విచారణ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. చనిపోయినవాళ్ళ కుటుంబాల వైపు తిరిగి, మీ ప్రభుత్వం మీ విషయంలో విఫలమైంది, నేనూ విఫలమయ్యాను అని క్షమాపణ అడిగాడు. అంతమంది అధికారుల్లో ఆ మాట అన్నందుకు ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళున్నారు. పుస్తకం అమ్ముకోవడానికి నాటకం అన్నవాళ్ళూ ఉన్నారు.

ఆయన ఆరోపణ ఏమిటి? దాడి చేసిన ఉగ్రవాద సంస్థ అల్ ఖైదా ప్రమాదం గురించి నేను ముందే మొత్తుకున్నాను, బుష్ ప్రభుత్వం తొలి ఎనిమిది నెలలూ దాన్ని పట్టించుకోలేదు, దాడి జరిగాక కూడా చూపు ఇరాక్ వైపు తిప్పింది అని.

ఇప్పుడు వోచర్లు చూద్దాం. 2001 జనవరి 25న, అంటే కొత్త ప్రభుత్వం వచ్చిన ఐదో రోజున, క్లార్క్ జాతీయ భద్రతా సలహాదారు కాండోలీజా రైస్‌కి నోట్ పంపాడు. అల్ ఖైదా మీద మంత్రుల స్థాయి సమావేశం అర్జంటుగా పెట్టాలని అందులో అడిగాడు. ఆ సమావేశం జరిగింది సెప్టెంబర్ 4న. దాడికి వారం ముందు. ఈ రెండు తేదీలూ కాగితం మీద ఉన్నాయి, ఎవరూ కాదనలేదు. సెప్టెంబర్ 12న బుష్ తనని పక్కకి పిలిచి ఇరాక్ హస్తం ఉందేమో చూడమన్నాడని రాస్తే, వైట్‌హౌస్ మొదట అలాంటి సంభాషణ జరిగిందో లేదో గుర్తులేదన్నట్టు మాట్లాడింది. క్లార్క్ రాసిన ఆ మాట కూడా చివరికి నిలబడింది.

ఇక రెండో వైపు. 2002 ఆగస్టులో ఇదే క్లార్క్ విలేఖరులతో మాట్లాడుతూ అదే బుష్ ప్రభుత్వం చేసిన పనులని బాగానే చెప్పాడు. పుస్తకం రాగానే వైట్‌హౌస్ ఆ సంభాషణని బయటపెట్టించింది. అడిగితే, అప్పుడు నేను ఉద్యోగిని, ప్రభుత్వం తరఫున మంచి వైపు చెప్పమన్నారు, చెప్పాను అన్నాడు. బ్యాంకులో రీజనల్ మేనేజర్ వచ్చినప్పుడు మేమంతా చేసిన పనే ఇది. కాబట్టి ఆ సమాధానం నాకు అర్థమైంది, కానీ అది ఆయన ఖాతాలో డెబిట్టే.

అన్నిటికన్నా నన్ను ఆపిన ప్రశ్న కమిషన్ సభ్యుడు స్లేడ్ గోర్టన్ అడిగింది. జనవరి 25న మీరు సిఫారసు చేసినవన్నీ మర్నాడే అమలుచేసి ఉంటే సెప్టెంబర్ 11 ఆగేదా అన్నాడు. క్లార్క్ ఒకే ముక్కలో జవాబిచ్చాడు: లేదు.

ఈ ఒక్క జవాబు తెలిసి పుస్తకం చదివితే ఒకలా ఉంటుంది, తెలియకుండా చదివితే ఇంకోలా ఉంటుంది. తెలియకపోతే, ఒక్క మనిషి మాట విని ఉంటే మూడువేల మంది బతికేవాళ్ళు అనిపించేలా కథ లాక్కెళ్తుంది. మొదటి అధ్యాయం ఆ రోజు వైట్‌హౌస్ సిచుయేషన్ రూమ్‌లో జరిగింది. చదువుతుంటే గుండె దడదడలాడుతుంది. అందులో ఆయనే హీరో. తన వైపు నుంచి చెబుతున్న కథ అని ముందుమాటలోనే ఒప్పుకుంటాడు గానీ, రెండో పేజీ తిప్పేసరికి మనం ఆ సంగతి మర్చిపోతాం. చెప్పడంలో అంత నేర్పరి.

నా తీర్పు: చదవండి. మొదటి పుస్తకంగా మాత్రం వద్దు.

కమిషన్ రిపోర్టు, 2004

మా బావగారు "సర్కారు రిపోర్టా? నిద్రకి పనికొస్తుంది" అన్నారు. ఆయన అనుభవంలో రిపోర్టు అంటే బీరువాలో దుమ్ము తినేది. ఇది ఆ రకం కాదు. జూలై 22న విడుదలై, దుకాణాల్లో వేడి వేడి ఇడ్లీల్లా అమ్ముడుపోయి, అమెరికా నేషనల్ బుక్ అవార్డు తుది జాబితా దాకా వెళ్ళింది. ప్రభుత్వ పత్రం కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

ఐదుగురు రిపబ్లికన్లు, ఐదుగురు డెమోక్రాట్లు. ఛైర్మన్ థామస్ కీన్, వైస్ ఛైర్మన్ లీ హామిల్టన్. అసలు ఈ కమిషన్ వేయడానికే బుష్ ప్రభుత్వం మొదట ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టుపట్టడంతో వేయాల్సి వచ్చింది. పన్నెండు వందల మందికి పైగా మనుషులని అడిగారు, 25 లక్షల పేజీల కాగితాలు చూశారు. 567 పేజీల పుస్తకంలో వందకు పైగా పేజీలు నోట్సే. నాలాంటివాడికి పండగ.

మొదటి అధ్యాయం తెరవండి. ఎనిమిది గంటల ముప్పై ఏడు నిమిషాలకి బోస్టన్ విమాన నియంత్రణ కేంద్రం నుంచి వాయుసేన రాడార్ కేంద్రానికి ఫోన్ వెళ్తుంది: విమానం హైజాక్ అయింది, ఫైటర్లు పంపండి అని. అవతలి మనిషి మొదట అడిగిన ప్రశ్న, ఇది నిజమా, ఎక్సర్‌సైజా? ఎక్సర్‌సైజ్ కాదు, టెస్ట్ కాదు అని ఇవతలివాడు చెప్పాల్సి వచ్చింది. ఆ విమానం న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్‌ని కొట్టింది 8:46కి. మధ్యలో తొమ్మిది నిమిషాలు. ప్రభుత్వ వైఫల్యం అనే పెద్ద మాట నాకు అక్కడ మొదటిసారి మనిషి గొంతులో వినిపించింది.

ఎనిమిదో అధ్యాయం మా మేనల్లుడిలాంటివాళ్ళకి బంగారం. 2001 ఆగస్టు 6న అధ్యక్షుడికి ఇచ్చిన నోట్ అందులో ఉంది. బిన్ లాడెన్ అమెరికాలో దాడికి కంకణం కట్టుకున్నాడు అన్నది దాని శీర్షిక. ఇక్కడే చాలామంది "చూశావా, ముందే తెలుసు!" అంటారు. నోట్ చదివితే హైజాక్‌ల మాటా, న్యూయార్క్ మాటా ఉన్నాయి గానీ, ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా విధంగా అని లేదు. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళ తర్వాత మనమూ ఇదే చూశాం. రెండు రోజుల ముందే రాష్ట్రాలకి సమాచారం ఇచ్చామని కేంద్ర హోంమంత్రి షిండే అన్నారు. ఫలానా చోటని లేని హెచ్చరికని పట్టుకుని స్టేషన్‌లో ఎస్సై ఏం చేస్తాడు? అలాగని వదిలేయొచ్చా? ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న చిక్కుని ఈ అధ్యాయం చూపించినట్టు నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత కాలిఫోర్నియా సంగతి. తర్వాత దాడిలో పాల్గొన్న హజ్మీ, మిహ్దార్ అనే ఇద్దరు 2000 జనవరిలో కౌలాలంపూర్‌లో అల్ ఖైదా మనుషులని కలిశారు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకి ఆ సంగతి తెలుసు. అదే నెలలో ఇద్దరూ లాస్ ఏంజిలిస్‌లో దిగారు. నిఘా జాబితాలో వాళ్ళ పేర్లు ఎక్కింది 2001 ఆగస్టు చివర్లో. ఒక శాఖ ఫైల్ ఇంకో శాఖ బల్ల మీదకి వెళ్ళడానికి ఏడాదిన్నర! మన కలెక్టరేట్ చుట్టూ తిరిగినవాళ్ళకి ఇది ఆశ్చర్యంగా ఉండదు.

లోపాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కాదు. ఫలానా మనిషిది తప్పు అని రిపోర్టు వేలు పెట్టి చూపదు. ఊహాశక్తి, విధానం, సామర్థ్యం, నిర్వహణ, ఈ నాలుగూ విఫలమయ్యాయంటుంది. నాలుగు నామవాచకాలని సస్పెండ్ చేయలేం కదా. సిబ్బందిని నడిపించిన ఫిలిప్ జెలికో, రైస్‌తో కలిసి పుస్తకం రాసినవాడు. ఆమె పనితీరుని కూడా విచారించాల్సిన కమిషన్‌లో ఆయన్నెందుకు పెట్టారని అప్పుడే అడిగారు. ఇంకా పెద్దది ఒకటుంది. దాడి పన్నాగం ఎలా తయారైందో చెప్పే భాగాలు చాలావరకు సీఐఏ బందీల మాటల మీద ఆధారపడ్డాయి. కమిషన్‌కి ఆ బందీలని నేరుగా అడిగే వీలివ్వలేదు. ఈ సంగతి ఐదో అధ్యాయంలో ఒక పెట్టె కట్టి వాళ్ళే రాశారు. వాళ్ళలో ముఖ్యుడైన ఖాలిద్ షేక్ మొహమ్మద్‌ని 2003 మార్చిలో 183 సార్లు నీళ్ళతో ఊపిరాడకుండా చేశారని 2009లో బయటపడింది. ఆ భాగాలు చదివేటప్పుడు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

అయినా మొదట చదవాల్సింది ఇదే. 1, 8, 11 అధ్యాయాలు చాలు.

లారెన్స్ రైట్: 'ది లూమింగ్ టవర్', 2006

నా దొంగ ప్రింటు పుస్తకం. తర్వాత బుద్ధి తెచ్చుకుని అసలుది కొన్నాను. 2007లో దీనికి అమెరికాలో పెద్ద పురస్కారమైన పులిట్జర్ వచ్చింది.

చిన్న ముందుకథ దాటితే, ఇది ప్రభుత్వం దగ్గర మొదలవదు. 1948లో సయ్యద్ కుతుబ్ అనే ఈజిప్టు రచయిత ఓడెక్కి అమెరికా వెళ్ళడంతో మొదలవుతుంది. అక్కడ నుంచి అల్ ఖైదా నాయకులు జవాహిరి, బిన్ లాడెన్, మరోవైపు అమెరికాలో నేరాలు దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐలో జాన్ ఓనీల్. అల్ ఖైదాని వెంటాడినవాళ్ళలో ముందువరసలో ఉన్న ఓనీల్ 2001 ఆగస్టులో ఎఫ్‌బీఐ వదిలి, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో భద్రతాధికారిగా చేరాడు. సెప్టెంబర్ 11న అక్కడే చనిపోయాడు. నవలలో రాస్తే మనం నమ్మం.

రైట్ విలేఖరి. గదిలో లేడు, కానీ గదుల్లో ఉన్న వందలాది మందిని అడిగాడు, వాళ్ళ పేర్లు వెనక ఇచ్చాడు. సీఐఏ, ఎఫ్‌బీఐ తగాదాలో ఆయన మనసు ఎఫ్‌బీఐ వైపు ఉందని నాకనిపించింది. ఎక్కువ మాట్లాడినవాళ్ళు వాళ్ళే కావొచ్చు. ఇంగ్లీషు మాత్రం హాయిగా సాగుతుంది. నాలుగింట్లో ఒక్కటే చదువుతానంటే ఇది తీసుకోమంటాను.

స్టీవ్ కోల్: 'ఘోస్ట్ వార్స్', 2004

లావు పుస్తకం. ముందుకథ దాటితే, 1979లో ఇస్లామాబాద్‌లో అమెరికా ఎంబసీని తగలబెట్టిన గుంపుతో మొదలై, 2001 సెప్టెంబర్ 10న ఆగుతుంది. పులిట్జర్ వచ్చింది. సీఐఏ, పాకిస్తాన్ ఐఎస్ఐ, సౌదీ నిఘావాళ్ళు కలిసి అఫ్ఘానిస్తాన్‌లో ఏం విత్తారో తేదీలతో సహా ఉంటుంది. 1999 డిసెంబర్‌లో కాందహార్ విమానాశ్రయంలో హైజాక్ అయిన మన ఐసీ-814 విమానం నిలబడి ఉంటే టీవీ ముందు వారం రోజులు టెన్షన్‌తో కూర్చున్న తరం ఉంది. ఆ రన్‌వే చుట్టూ తుపాకులతో నిలబడ్డ తాలిబాన్ ఎక్కడనుంచి వచ్చారో తెలుసుకోవాలంటే వాళ్ళు ఇది చదవాలి. మిగతావాళ్ళకి పేర్ల జాతరలా అనిపిస్తుంది.

'లోపలివాళ్ళే చేశారు' పుస్తకాలు

పేర్లు చెప్పను, అమ్మకాలు పెంచడం ఇష్టం లేదు. కానీ వాట్సాప్‌లో తిరిగేవి ఇవే కాబట్టి దాటవేయలేను. అమెరికా ప్రభుత్వమే భవనాలు కూల్చిందని వీటి వాదం.

వీటిలో ఎక్కువగా వినిపించే మాట ఒకటి తీసుకోండి. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీలు కావాలి, విమాన ఇంధనం మంటకి అంత వేడి రాదు, కాబట్టి బాంబులు పెట్టారు అని. మొదటి రెండు మాటలూ నిజమే. మూడోది ఎక్కడనుంచి వచ్చింది? చిన్నప్పుడు మా ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గర గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. నాగలి కర్రుని బొగ్గుల్లో పెట్టి తిత్తి ఊదితే ఎర్రబడేది. కరిగేది కాదు. ఎర్రబడ్డ ఇనుము సుత్తి దెబ్బకి మైనంలా వంగేది. సుమారు 600 డిగ్రీలకే ఉక్కు సగం బలం పోగొట్టుకుంటుంది. పైన అన్ని అంతస్తుల బరువు మోస్తున్న స్తంభం కూలడానికి కరగక్కర్లేదు, వంగితే చాలు. అదే ప్రాంగణంలో విమానం తగలని ఏడో నంబరు భవనం కూడా మంటల వల్లే కూలిందని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2008లో లెక్కలతో రిపోర్టు ఇచ్చింది.

ఈ పుస్తకాల్లోనూ వెనక నోట్సు బోలెడన్ని ఉంటాయి. వాటిని చూసి మోసపోవద్దు. రెండు మూడు పట్టుకుని చూడండి, ఎక్కువసార్లు ఒకదాన్నొకటి సాక్ష్యంగా చూపించుకుంటాయి. బ్యాంకు భాషలో చెప్పాలంటే, అప్పు తీసుకున్నవాడికి అతని బావమరిది షూరిటీ, బావమరిదికి ఇతను షూరిటీ.

అలాగని ప్రభుత్వం ఏమీ దాచలేదనుకోకండి. అమెరికా పార్లమెంటు విచారణలో సౌదీ సంబంధాల మీద ఉన్న 28 పేజీలని 2002 నుంచి మూసిపెట్టి 2016 జూలైలో గానీ విడుదల చేయలేదు. అప్పుడు కూడా కొన్ని వరసల మీద నల్లసిరా పూసి వదిలారు. దాచడం వేరు, చేయడం వేరు. ఈ తేడా పట్టించుకోని పుస్తకం నాకొద్దు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| పుస్తకం | రచయిత చోటు | సరిచూసుకునే దారి | చదివే కష్టం | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|
| ఎగైనెస్ట్ ఆల్ ఎనిమీస్ | గదిలోనే | రిపోర్టు పక్కన పెట్టుకుంటే ఉంది | తేలిక, వేగం | రచయితే హీరో |
| కమిషన్ రిపోర్టు | అందరినీ అడిగిన విచారణ | అన్నిటికన్నా ఎక్కువ | మొదటి అధ్యాయం తేలిక, తర్వాత ఓపిక కావాలి | వ్యక్తుల బాధ్యత దాటేస్తుంది, బందీల మాటలు |
| ది లూమింగ్ టవర్ | బయటి విలేఖరి | బాగుంది (అసలు ప్రింటు అయితే) | హాయి | ఎఫ్‌బీఐ వైపు కాస్త మొగ్గు |
| ఘోస్ట్ వార్స్ | బయటి విలేఖరి | బాగుంది | కష్టం | పేర్లు, పేజీలు |

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

గ్రూప్స్, సివిల్స్ చదివేవాళ్ళకి: రిపోర్టు 8, 11 అధ్యాయాలు ప్రింట్ తీయించుకుని స్పైరల్ చేయించుకోండి. పరిపాలన పేపర్‌కి, వ్యాసాలకి శాఖల మధ్య సమాచారం ఎలా ఆగిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. క్లార్క్‌ని పరీక్ష అయ్యాక చదువుకోండి. కోపంగా రాసిన పుస్తకం చదివితే ఆ కోపం జవాబుపత్రంలోకి వచ్చేస్తుంది, ఎగ్జామినర్‌కి అది అక్కర్లేదు.

పిల్లలు అమెరికాలో ఉన్న అమ్మానాన్నలకి: విజయవాడ, గుంటూరులో ఇంటికొకరు ఉన్నారు కాబట్టి విడిగా చెబుతున్నా. మీకు కావాల్సింది మా అబ్బాయి ఉన్న చోట ఏం జరిగింది, ఎందుకు జరిగింది అన్నది. రైట్ పుస్తకం తీసుకోండి. రిపోర్టు మొదటి అధ్యాయం రాత్రిపూట చదవొద్దు. విమానాల్లోనుంచి వచ్చిన ఫోన్లు అందులో ఉన్నాయి. మా అక్కయ్య మధ్యాహ్నం పూట రెండు పేజీలు చదివే, అక్కడ తెల్లవారుజామున మూడు అని కూడా చూడకుండా కొడుక్కి ఫోన్ కలిపింది.

ఇంగ్లీషు నెమ్మదిగా చదివేవాళ్ళకి: క్లార్క్ నిజానికి అన్నిటికన్నా సులువు. కానీ ఒంటరిగా వద్దు. గోర్టన్ ప్రశ్న, ఆ జవాబు ఒక చీటీ మీద రాసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకుని చదవండి.

వాదించడానికే చదివేవాళ్ళు కూడా ఉంటారు, తప్పేమీ లేదు. బుష్‌ని తిట్టాలనుకుంటే క్లార్క్‌లో సరుకుంది. అంతకుముందు అధ్యక్షుడు క్లింటన్‌ని తిట్టాలనుకుంటే రిపోర్టులో ఉంది. ఇద్దర్నీ తిట్టాలంటే కోల్.

"మన దేశం సంగతి ఎందుకు చదవకూడదు?" అని మేనల్లుడే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 2008 నవంబర్ 26 ముంబై దాడి మీద తాజ్ హోటల్ లోపలి గంటల్ని చెప్పే 'ది సీజ్' ఉంది, 2013లో వచ్చింది. కసబ్‌ని ప్రశ్నించిన పోలీస్ అధికారి రాకేష్ మారియా ఆత్మకథ 2020లో వచ్చి వివాదమే రేపింది. అదీ క్లార్క్ తరహాయే, గదిలో ఉన్నవాడి కథ. తేడా ఎక్కడంటే, మన దగ్గర దాని పక్కన పెట్టుకోవడానికి అలాంటి కమిషన్ రిపోర్టు లేదు. మహారాష్ట్ర వేసిన ప్రధాన్ కమిటీలో ఇద్దరే సభ్యులు, వాళ్ళు చూసింది ముంబై పోలీసుల పనితీరు. ఢిల్లీ సంగతి వాళ్ళ పరిధిలో లేదు. కార్గిల్ మీద సుబ్రహ్మణ్యం కమిటీ రిపోర్టు పుస్తకంగా వచ్చింది గానీ, భద్రత పేరుతో కొన్ని భాగాలు తీసేసి వేశారు. నా దొంగ ప్రింటులో తీసేసిన పేజీలు గుర్తొచ్చాయి. అక్కడ కాగితం ఖర్చు, ఇక్కడ ఇంకేదో.

కొనేటప్పుడు ఒక మాట. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇలాంటివి అప్పుడప్పుడూ అసలు ప్రింటులోనే దొరుకుతాయి. అట్ట మడతలు పడ్డా పరవాలేదు, వెనక నోట్సు ఉన్నాయా చూసుకోండి.

మేనల్లుడు రిపోర్టు ప్రింటు తీయించుకుని బ్రాడీపేట వెళ్ళిపోయాడు. క్లార్క్ పుస్తకం ప్రస్తుతం మా బావగారి దగ్గర ఉంది. చదవనన్న మనిషే వెళ్ళేటప్పుడు సంచిలో వేసుకున్నారు. నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, హలో కూడా లేకుండా అడిగారు: "బావా, జనవరి నోట్‌కి సెప్టెంబర్‌లో మీటింగా? మధ్యలో ఏం చేశారయ్యా వీళ్ళు?"